పసుపు రాసిన జపాన్ చేప

సుజాతా,

ఎల్లుండి నీ సంవత్సరీకం. ఆ రోజు ఇంట్లో నీచు వండకూడదు కనుక, అమ్మాయి తన మొదటి సాఫ్ట్‌వేర్ జీతంతో పంజగుట్ట హోటల్లో మనకు తినిపించిన జపాన్ చేపను ఇవాళే వండాను. "చేపకు తీపేంటండీ? అయినా బాగుంది. ఇంట్లో నేను చేస్తా చూడండి," అన్నావు అప్పుడు. అందుకని కొన్న సోయా సాస్ సీసా మూతైనా తియ్యకుండానే వెళ్లిపోయావు.

సాస్‌లో అల్లం, కాస్త బెల్లం కలిపి పక్కన పెట్టాను. చేప ముక్కలు కడుగుతూ, నువ్వు చేసినట్టే ఉప్పూ పసుపూ పట్టించేశాను. హోటల్ చేపకు పసుపు లేదని పెనం మీద వేశాక గానీ గుర్తు రాలేదు. అప్పటికే మన అమీర్‌పేట ఇల్లంతా నీ వంట వాసన.

ఎదురింటి యాదమ్మ తన గుమ్మంలోంచే కేకేసింది: "వదినా, చేపలు మస్తు వాసనొస్తున్నయ్! నాకు సుత జర ఉంచు!"

వెంటనే నువ్వు లేవని గుర్తొచ్చినట్టుంది, గబుక్కున లోపలికి వెళ్లిపోయింది. నేను మంట తగ్గించి, గరిటె పట్టుకుని, నీ జవాబు కోసం ఆగాను.

తర్వాత పక్కన పెట్టిన సాస్ పోసి దించి, రెండు ముక్కలు గిన్నెలో పెట్టి తీసుకెళ్లి, నువ్వు పంపావని చెప్పాను. యాదమ్మ కాదనకుండా రెండు చేతులతో అందుకుంది.