ఏకాదశి మరునాటి రక్తం

కోయంబత్తూరు, 4-10-2025. ముసురు. చీరలు ఉతికి లోపలే ఆరేశాను.

ఆనందికి, మీ అక్క కులాసా. క్యాన్సర్ పరిశోధన కోసం ఆసుపత్రులన్నిటికీ ఉమ్మడిగా రక్తంలో ప్రోటీన్లు, తిన్నది అరిగాక మిగిలే మెటబొలైట్లు చూసే ల్యాబులో ఈ ఉదయం రక్తమిచ్చింది. రాత్రి తిని, పరగడుపున రమ్మన్నారు. తను ఏకాదశికని నిన్నంతా పస్తు ఉంది. ల్యాబులో నన్ను చెప్పొద్దంది. కీమో వల్ల నరం దొరక్క మూడుచోట్ల పొడిచి తీశాక చెప్పేశాను.

"ఇంత పస్తుంటే ఈ రక్తం పనికిరాదమ్మా, వచ్చే శనివారం రండి" అంది ల్యాబు అమ్మాయి.

"ముప్పై ఏండ్లు నోరు తెరవని మనిషి, పొడిచినాకనా తెరిచేది?" అంది మీ అక్క.

శుక్రవారం రాత్రి రెండు ఇడ్లీలైనా తినమని నువ్వు ఫోను చేసి చెప్పు. నేను ఫోనులో మాట్లాడితే తను వింటుంది, అందుకే కార్డు. తిరుమంగళంలో వానలు పడ్డాయా, పత్తి విత్తారా? పిల్లలకు దీవెనలు. మీ అక్క కమిలిన చేతికి కాపడం పెడతానంటే తాకనివ్వలేదు. ఇప్పుడే నిద్రపోయింది. నీళ్ళు కాగుతున్నాయి.

బావ రఘురామన్