ఎనిమిదో జత

అక్కా,

తొమ్మిదేళ్ళ తరవాత రాస్తున్నాను కాబట్టి ముందు క్షేమసమాచారాలు అడగాలి కాబోలు. అడగను. నువ్వు బాగున్నావని ఫైలమ్మ చెప్పింది. కొంచెం లావయ్యావట, కళ్ళజోడు వచ్చిందట, నవ్వితే మాత్రం అచ్చం నాలాగే ఉంటావట. ఆ మాట విని ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకున్నాను. నీ మరిది చూసి, "ఏమైందే నీకు, ఒంటరిగా నవ్వుకుంటున్నావు?" అన్నాడు. ఏమీ లేదన్నాను. అప్పటికే కళ్ళు నిండిపోయాయి.

ఫైలమ్మ అంటే గ్రాంటు ఇచ్చే సంస్థ తరఫున వచ్చే ఆఫీసరు. చంకలో ఫైలు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు, అందుకని ఏటికి ఇవతలి గట్టున అందరం ఆ పేరే ఖాయం చేశాం. సంతలో కొట్లు పెట్టుకునే చోటు కోసం మొదలైన గొడవ రెండు గట్లనీ విడగొట్టింది కదా, మళ్ళీ మాటలు కలపాలని ఆ సంస్థ తాపత్రయం. షరతు ఒకటే. రెండు గట్ల వాళ్ళూ కలిసి అడగాలి, కలిసి ఒకే గదిలో పని చెయ్యాలి. కుట్టుమిషన్లు అడిగాం, ఎనిమిది ఇచ్చారు. ఇక మనవాళ్ళ తెలివి చూడు. మిషన్లు ముందు ఏ గట్టున దించాలని మూడు మీటింగులు. మీకు ముందొస్తే మాకు తలవంపులు, మాకు ముందొస్తే మీకు తలవంపులు. చివరికి ఎవరికీ అన్యాయం జరగకూడదని మిషన్ తలలన్నీ మాకూ, తొక్కే స్టాండ్లన్నీ మీకూ పంచారు. నాలుగు నెలలపాటు మేము తలలకి నూనె పెట్టుకుంటూ, మీరు ఉత్త స్టాండ్లు తొక్కుకుంటూ కూర్చున్నాం. రెండు గట్లూ కలిసి ఒక్క జేబురుమాలు కూడా కుట్టలేదు. ఆఖరికి మనవాళ్ళకే సిగ్గేసి, వంతెన నడిమధ్య మూతపడిన టోలు గది కడిగించి, తలలూ స్టాండ్లూ అక్కడికే మోసుకొచ్చి బిగించారు.

రెండు గట్ల బడిపిల్లలకీ యూనిఫారాలు కుట్టాలి. ఇవతలి గట్టు మనిషి కత్తిరిస్తుంది, అవతలి గట్టు మనిషి కుడుతుంది. అలా ఎనిమిది జతలు. ఏడు కుదిరాయి. ఎనిమిదో జతలో కత్తెర నాది, పక్కన పేరు ఖాళీ. సోమవారానికి ఆ ఖాళీ నిండకపోతే మొత్తం గ్రాంటే ఆగిపోతుందట. "మీ అక్కకి కుట్టుపని వచ్చుగా, అడిగి చూడనా?" అంది ఫైలమ్మ. మొహం మీదే వద్దన్నాను. మూడు రోజులు తిండి సహించలేదు. నాలుగో రోజు ఈ కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఎందుకు వద్దన్నానో చెబుతాను. గొడవ రోజు నేను మీ గట్టునే ఉన్నాను. కర్టెన్లకి కొలతలు తీసుకుందామని వచ్చాను. సంత వైపు పొగ లేచింది, వంతెనకి అడ్డంగా బళ్ళు పెట్టేశారు. నాకు తోచిన ఇల్లు ఒక్కటే. పరుగెత్తుకుంటూ వచ్చి మీ తలుపు కొట్టాను, చిన్నప్పుడు మనిద్దరం గుర్తుగా కొట్టినట్టే, రెండు దెబ్బలు గబగబా, రెండు నిదానంగా. "అక్కా, నేనే" అని పిలిచాను. తలుపు తెరుచుకోలేదు. వీధి మలుపులో అరుపులు వినపడ్డాయి. కట్టెల అడితి వైపు పరుగెత్తాను. దారిలో ఎవరో విసిరిన రాయి తగిలి ఎడమ మణికట్టు విరిగింది. మర్నాడు పోలీసులు వాళ్ళ బండిలో ఇల్లు చేర్చారు. రాయి సంగతి అందరికీ చెప్పాను గానీ నీ గుమ్మం దాకా వచ్చానని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నిన్ను ఎవరైనా ఒక మాట అంటే నేను పడలేను. అప్పట్నుంచి మిషన్ మీద గుడ్డ తిప్పడం చేతకాదు, అందుకే ఇవతలివాళ్ళం కత్తిరించే పని తీసుకుందామని నేనే పట్టుబట్టాను. నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ విప్పకుండా తిప్పి పంపింది కూడా ఆ తలుపు మూలంగానే.

అమ్మ పోయినప్పుడు వంతెన ఇంకా తెరవలేదు. చెరో గట్టునా ఏడ్చుకున్నాం. అమ్మ పెట్టెలో మనిద్దరి పాత గౌన్లు దొరికితే ఏది ఎవరిదో అడగడానికి మనిషి లేదు నాకు. ఎంత కోపమొచ్చినా నిన్ను తలుచుకోని పూట లేదక్కా. అందుకని బాగా ఆలోచించి ఒక నిశ్చయానికి వచ్చాను. నువ్వు ఆ రోజు ఇంట్లో లేవు. బావతో ఎక్కడికో వెళ్ళి ఉంటావు. లేకపోతే పెరట్లో మోటారు వేసుకుని బట్టలు ఉతుకుతూ ఉంటావు, వినపడి ఉండదు. నేను అదే నమ్ముతాను. నువ్వేమీ చెప్పక్కర్లేదు, ఆ ఊసే మనం ఎత్తుకోవద్దు. సోమవారం వచ్చి నా పక్కన కూర్చో, చాలు.

నీ చెల్లెలు,
వసపిట్ట

* * *

వసపిట్టా,

ఉత్తరం అందింది. ఫైలమ్మ ఇచ్చి వెళ్ళిపోకుండా జవాబు పట్టుకెళతానని గుమ్మంలోనే నిలబడింది. ఎల్లుండి రమ్మన్నాను. నీకు నోరూ చెయ్యీ ఒకటే వేగం. నాకు నాలుగు ముక్కలు రాయాలంటే నాలుగు కాగితాలు చింపాలి.

నేను ఇంట్లోనే ఉన్నాను.

ఆ ముక్క ముందు రాసేస్తే తప్ప తక్కినది రాయడం నా చేత కాదు. పెరట్లో లేను. మోటారు వెయ్యడానికి ఆ రోజు కరెంటే లేదు. తలుపు వెనకే నిలబడి ఉన్నాను. నువ్వు అక్కా అనకముందే, ఆ దెబ్బలు వినగానే నువ్వేనని తెలిసింది. గడియ మీద చెయ్యి కూడా వేశాను. తియ్యలేదు. అవతలి మనిషిని దాచారని తెలిస్తే మా ఇల్లు తగలబెడతారని భయం వేసింది. మీ బావ ఇంట్లో లేరు. పాప నా కాళ్ళకి చుట్టుకుని ఉంది. పాప కోసమే అలా చేశానని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలా చూశాను. పాప లేకపోయినా తీసేదాన్ని కాదేమో. నువ్వు వెళ్ళిపోతున్న చప్పుడు వినపడ్డాక నాకు ముందు కలిగింది ఏడుపు కాదు, అమ్మయ్య అనిపించింది. ఇన్నేళ్ళూ నన్ను తినేస్తున్నది అదే.

తరవాత ఒక కథ అల్లాను. నేను తీయబోతుంటే పక్కింటి పెద్దాయన వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడని. ఆయన పాపం ఆ రోజు ఊళ్ళోనే లేడు. మీ బావకి అదే చెప్పాను. నువ్వు తిప్పి పంపిన రెండు ఉత్తరాల్లోనూ అదే రాశాను. నువ్వు విప్పకపోవడమే మంచిదైంది.

చెయ్యి సంగతి నాకు తెలీదు. అక్కడిదాకా చదివి కాగితం పక్కన పెట్టేశాను. మళ్ళీ తీయడానికి సాయంత్రమైంది.

నువ్వు క్షమించింది ఇంట్లో లేని అక్కని. ఆవిడలా వచ్చి నీ పక్కన కూర్చుందామని నాకు ఆశ పుట్టిందే, దాచుకోవడం ఎందుకు. రెండు రోజులు ఆ ఆశతోనే తిరిగాను. కొత్త సూదులు కూడా కొనుక్కున్నాను. కానీ నువ్వు కత్తిరించి ఇచ్చే ప్రతి ముక్కా ఆవిడకి ఇస్తావు, నాకు కాదు. అలా నీ పక్కన కూర్చోవడం నా వల్ల కాదు.

మా పక్క వీధిలో బొత్తాలు కుట్టే ఆవిడ నా బదులు సంతకం పెడతానంది. మంచి పనిమంతురాలు, ఎక్కువ మాట్లాడదు, నీ వాగుడికి సరిగ్గా సరిపోతుంది. నువ్వేమీ రాయకపోతే సోమవారం ఆవిడ వస్తుంది. జత నిలుస్తుంది, గ్రాంటూ నిలుస్తుంది, నీ మూలంగా ఏదీ ఆగదు. నేను నొచ్చుకోను. నొచ్చుకుంటాను గానీ నీ దాకా రానివ్వను. ఇదంతా చదివాక కూడా రమ్మంటే మాత్రం, వస్తాను.

నీ అక్క

* * *

అక్కా,

ఒళ్ళు మండిపోయింది. అంత కష్టపడి నీకోసం ఒక సాకు వెతికి చేతికిస్తే, దాన్ని కూడా నిలవనివ్వలేదు నువ్వు. నిన్నట్నుంచి నిన్ను తిట్టని తిట్టు లేదు. గిన్నెలు కడుగుతూ తిట్టాను, గుడ్డ కొలుస్తూ తిట్టాను. "ఎవరితో మాట్లాడుతున్నావే?" అన్నాడు నీ మరిది. "మా అక్కతో" అన్నాను. తరవాత ఆయన్ని కూర్చోబెట్టి నీ గుమ్మం సంగతి మొత్తం చెప్పాను. విని, "మరి సోమవారం?" అన్నాడు.

కోపం పోయిందని రాయను. అబద్ధాలు మనిద్దరివీ కలిపి ఇప్పటికే ఎక్కువయ్యాయి. ఎప్పటికి పోతుందో, అసలు పోతుందో పోదో కూడా తెలీదు. ఆ అమ్మయ్య అన్న మాట మాత్రం ఇప్పటికీ దాటి చదవలేకపోతున్నాను.

కానీ అక్కా, ఇంట్లో లేని ఆ మనిషి ఎంత మంచిదైనా, ఆవిడతో నాకు ఒక్క జ్ఞాపకం లేదు. నన్ను బడికి ఎత్తుకుని తీసుకెళ్ళిందీ, నాకు జడలు వేసిందీ, జ్వరమొస్తే నా పక్కనే పడుకుందీ, ఆ రోజు తలుపు తియ్యనిదీ, అంతా నువ్వే. తొమ్మిదేళ్ళుగా నేను బెంగపెట్టుకున్నది నీ మీద.

బొత్తాలావిడకి దండం పెట్టి వద్దని చెప్పు. ఉత్తరంలో తిడితే నాకు తృప్తి లేదు. సోమవారం పొద్దున్నే వచ్చి ఎదురుగా కూర్చో. నేను తిడుతూ కత్తిరిస్తాను, నువ్వు పడుతూ కుట్టు.

కోపంగానే,
వసపిట్ట