స్ప్రే పంపు బ్యాటరీతో పాడుచేసిన పెడల్

శనివారం రాత్రి

మనవరాలు సుమ గిటారుకు ఒక పెడల్ ఉండాది. కాలితో తొక్కితే గిటారు బరబరా మొరుగుతాది. రేపు కాలేజీలో వాళ్ళ పాట. పొద్దున చూస్తే పెడల్ బ్యాటరీ అయిపోయింది. "కౌల్ బజార్ పోయి తెచ్చుకుంటా" అనె. యాడికీ పోవద్దని, చేనుకు మందు కొట్టే స్ప్రే పంపు బ్యాటరీ తెచ్చి నేనే వైర్లు పెడితి.

"తాతా, అది పన్నెండు వోల్టులు. దీనికి తొమ్మిదే."

"మన కాలవ మోటర్లకు ఎప్పుడూ కరెంటు తక్కువే. ఎంత పెంచితే అంత బాగా తిరుగుతాయి. నాకు చెప్తావా?"

ముందు శబ్దం బలే పెద్దగా వచ్చె. చూస్తివా అని నవ్వితి. పాట సగం కాకముందే కాలిన వాసన కొట్టి, పెడల్ సచ్చిపాయె.

సాయంత్రం సుమ జతలో వాయించే పిల్లలు వచ్చి అడిగితే, "నేనే తప్పు వైరు పెట్టినా" అనె సుమ. "బుద్ధి ఇల్వేనే నినగె?" అని, బుద్ధి లేదా నీకని, వాళ్ళు కన్నడంలో దాన్ని తిట్టిరి. నేను ఈడనే మంచం మీద కూచోని మీసం దువ్వుకుంటా విన్యా.

మళ్ళ నాకు అన్నం సుమనే పెట్టె. తిట్టింటే బాగుండు.

పొద్దున ఆ పిల్లలు మళ్ళా వస్తారు. అప్పుడన్నా తప్పు నాదని చెప్పాల. చెప్తానని నాకే నమ్మకం ల్యా...