బావ రాసిన వాక్యం

19-8-83, శుక్రవారం

సోమవారం బావకి ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ. భూమి పోయిందని నోటితో చెప్పుకుంటేనే ఇచ్చే ఉద్యోగం. అక్క పోరు పడలేక, నలభై ఏళ్ళ మనిషి గాజువాక నుంచి వచ్చి నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడు.

ఇవాళ 'నైదర్–నార్' చెప్పాను. ఇదీ లేదు, అదీ లేదు అనడానికి. సొంతంగా ఒక వాక్యం రాయమంటే, మొన్నటి 'బోత్–యాండ్' పెట్టి రాశాడు: నుయ్యీ, పొలమూ రెండూ నావే.

"నైదర్ కదా బావా, రాయమన్నది?"

"ఏటిరా, నేదు నేదని రెండేసిసార్లు నాసేత రాయిస్తావా?"

ఆ పొలంలో ఫ్యాక్టరీ ప్రహరీ లేచి ఎన్నేళ్ళయిందో ఆయనకి తెలియదా? సోమవారం వాళ్ళడిగినా ఇదే చెబుతాడేమో. అక్కకేం చెప్పను?

దిద్దుదామని ఎర్ర పెన్ను తీశాను. బావ నా చేతివంకే చూస్తున్నాడు.

టిక్కు పెట్టేశాను.