దీపం ఎవరు పెడతారు?

మహితకు అమ్మ దీవెనలు.

ఇంట్లో అందరం వేళకు తింటున్నాం, తిరుగుతున్నాం. నీ ఒంట్లో ఎట్లా ఉందో రాయి.

మంగళవారం నుంచి ముసురు పట్టింది. మీ నాయన పడవ తీయలేదు, వసారాలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నాడు. ఈరోజు మధ్యాహ్నానికి కాస్త తెరిపి ఇచ్చింది. షెడ్డుకు రొయ్యలు తక్కువ వచ్చాయని మమ్మల్ని తొందరగా వదిలేశారు. ఇంటికొచ్చి చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని ఇది రాయడానికి కూర్చున్నాను. వాసన పూర్తిగా పోలేదు. కాగితానికి అంటితే ఏమీ అనుకోకు.

ఫోన్లో అయితే బాగుందని ఒక్క మాటతో తేల్చేస్తావు, నా నవల ఎట్లా ఉందో కూర్చుని రాయమ్మా అన్నావు. నిజమే, ఫోన్లో నాకు మాటలు రావు.

పూర్తిగా చదివావా అని అడిగావు. రెండుసార్లు చదివాను. ఒకసారి ఇంట్లో నా కోసం, ఇంకోసారి షెడ్డులో అందరి కోసం. మా షెడ్డు పద్ధతి నీకు తెలుసు కదా. చదివే మనిషి చేతులు తడవకూడదు. తొట్టి లెక్కన కూలి కాబట్టి, తక్కిన ఆడవాళ్ళు రొయ్యలు ఒలుస్తూ, తలా ఒక దోసెడు చదివే మనిషి తొట్టిలో వేస్తారు. ఇంతకుముందు వారపత్రికలో సీరియళ్ళు అట్లాగే చదివేదాన్ని. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ నా కూతురు రాసిన పుస్తకం అనేసరికి, నా తొట్టి అందరికంటే ముందే నిండేది.

పగలు పక్షిగా, రాత్రి మనిషిగా ఉండే రాజకుమారుణ్ణి నమ్మగలిగావా అన్నావు. నమ్మాను. చలికాలం వచ్చి ఎండలకు వెళ్ళిపోయే పక్షుల్ని పులికాట్‌లో పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం. వాటిలో ఒకటి మనిషి అయితే అనుకోవడం మాకు కష్టం కాదు. అతను మాటిమాటికీ కన్నీళ్ళు పెట్టుకోవడమే నమ్మలేదు. రాజభవనం వర్ణన పొడుగైంది, ఇద్దరు నిద్రపోయారు. ముద్దుల దగ్గర నేను రెండు పేజీలు తిప్పేశాను. సూళ్లూరుపేట నుంచి పనికి వచ్చే మెహరాజ్ బేగం పట్టేసింది.

"యేం ప్రసన్నమ్మా, పొద్దు గూకేదాకా సదివి, తెల్లారేకాడికి దూకితివే? నడాన యేమైనాదో మాకు సెప్పవా?"

"సలి పుట్టింది, దుప్పటి కప్పుకున్నారు" అన్నాను.

"ఇద్దరికీ ఒకటేనా?" అంది. ఆ పూట ఇక చదవనివ్వలేదు.

కథ మటుకు అందరినీ పట్టుకుంది. దీవి మీద ఇందుకళ ఒక్కతే. రోజూ సాయంత్రం ఆమె దీపం పెడితేనే పడవలు దారి తప్పకుండా ఒడ్డుకు వస్తాయి. రాజకుమారుడు తనతో రమ్మంటాడు, ఆమెకూ రెక్కలు ఇస్తానంటాడు. వెళ్తుందా, ఉంటుందా అని షెడ్డు షెడ్డంతా రెండుగా చీలి వాదించుకుంది.

ఇక్కడ మీ చిన్నమ్మ సంగతి చెప్పాలి. మీ చిన్నాయన వానలో పడవ తిరగబడి పోయినప్పటి నుంచి మోహన పుట్టింటికి వెళ్ళలేదు. పిల్లలు లేరు. మీ అవ్వకు నీళ్ళు పోసేది, తల దువ్వేది, గంజి తాగించేది ఆమే. పొద్దున ఆ పనులు ముగించుకుని షెడ్డుకు వస్తుంది, నడుమ ఒకసారి ఇంటికి పోయి అవ్వను చూసి వస్తుంది. తడ నుంచి ఐసు బండి తోలుకొచ్చే దామోదరం దసరాకు ముందు ఆమెను పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. అతనికీ భార్య పోయింది. మోహన అవుననలేదు, కాదనలేదు. ఈ సంగతి నీకు ఫోన్లో చెప్పలేదు. చెప్పడానికి ఏమీ తేలలేదు మరి.

నేను చదివే వేళకు దామోదరం కూడా ఐసు దించడం నెమ్మది చేసేవాడు. ఒకరోజు మెహరాజ్ ఊరుకోలేదు.

"యేమప్పా దామోదరం, చెవులు ఈడ పెట్టి చేతులు యాడ పెట్టినావు? ఐసంతా నీళ్ళైపోతా ఉండాది."

"ఆయమ్మి పోతాదో లేదో సెప్పండి, ఎత్తుకోని పోతా."

"యెవుర్నప్పా, రొయ్యల్నేనా?"

అందరూ నవ్వారు. మోహన తల ఎత్తలేదు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే, "అక్కా, ఆ పిల్ల యేం చేస్తాదో సూసి ఆయప్పకి మాట సెప్పేస్తా" అంది.

"కత సూసుకోని కాపురం చేస్తారా యెవురైనా?"

"నాకు సొంతంగా తెలీడం లేదక్కా. పోతే అత్తని ఇడిసిపెట్టి పోయినట్టు. ఉంటే..." అని ఆపేసింది. నేనూ అడగలేదు.

నేను అప్పటికే చివరి పేజీ చదివి ఉన్నాను. నీ ఇందుకళ వెళ్ళదు. తలుపు మూసుకుని దీపం దగ్గరే ఉండిపోతుంది. ముసలిదైపోయి, చలికాలం వచ్చినప్పుడల్లా పక్షుల్లో అతణ్ణి వెతుక్కుంటుంది. ముగింపు సరిగ్గా ఉందా అని నువ్వు ఉత్తరంలో మూడుచోట్ల అడిగావు. బాగా రాశావు. చదివాక లేచి వంట చేయబుద్ధి కాలేదు.

ఇంకొకటి కూడా చెబుతాను. చదివినప్పుడు నాకు కొంచెం ఊరటగా కూడా అనిపించింది. మోహన ఉండిపోతే అవ్వ పని నా మీద పడదు. నేను రోజంతా షెడ్డులో ఉండగలిగేది ఆమె వల్లే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు. నేను ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేదు. అట్లాగే చదవాలనుకుని పోయిన వారం చివరి భాగం తీశాను.

తెల్లవారుతుంటే రాజకుమారుడు ఒడ్డున నిలబడి ఉంటాడే, అక్కడికి వచ్చాను. షెడ్డులో రొయ్యలు ఒలిచే గోళ్ళ చప్పుడు ఆగిపోయింది. దామోదరం బండి దగ్గర ఊరికే నిలబడ్డాడు. మోహన చేతిలో ఒలవని రొయ్య ఉంది, దాన్ని పట్టుకునే ఉంది. పుస్తకంలో 'ఇందుకళ తలుపు మూసుకుంది' అని ఉంది. నేను 'ఇందుకళ తలుపు తీసింది' అని చదివాను.

ఆ తర్వాత చదవడానికి నాకు పుస్తకంలో ఏమీ లేదు. పేజీలు తిప్పుతూ నోటికొచ్చింది చెప్పాను. రెక్కలు వచ్చాయన్నాను, ఎగిరిపోయారన్నాను. మెహరాజ్ అడ్డం పడింది.

"మరి దీపమో? దీపం యెవురు పెడతారు? పడవలు మునిగిపోవా?"

"అక్క ఉండాది కదా" అన్నాను.

"అక్క యాడిది? ఇన్ని దినాలు అక్క లేదే!"

"ఉండాది. దీవికి ఆపక్క ఉంటాది. యెవురూ అడగలేదు గాబట్టి కతలోకి రాలేదు."

అప్పుడు మోహన నోరు తెరిచింది. "ఆ అక్కకి దీపం పెట్టేది వచ్చునా?"

"రాదు" అన్నాను. "నేర్చుకుంటాది."

నన్నే చూసింది. తర్వాత చేతిలో రొయ్యను ఒలిచి నా తొట్టిలో వేసింది.

నీ నవలలో లేని మనిషిని నేను పెట్టాను. నీకు కోపం వస్తే రాయి. మెహరాజ్ కూతురు తరన్నుమ్ చదువుకునే పిల్ల, పుస్తకం ఇవ్వమని అడుగుతోంది. ఎప్పటికైనా ఇవ్వాల్సిందే. ఆమె చదివి నీకు ఫోన్ చేసేలోపు నేనే చెప్పాలనుకున్నాను. నా కోసం నీ ముగింపు మార్చవద్దు. కానీ ఒకటి అడుగుతాను. దీవి అంత ఖాళీగా ఎందుకు ఉంచావు? ఇంకొక మనిషి ఉంటే ఆ పిల్లకు అంత బరువు ఉండేది కాదు.

అవ్వ మోకాలి సంగతి అడిగావు. నొప్పి తగ్గలేదు. మోహన మాట చెప్పేశాక దామోదరం వాళ్ళ అమ్మను వెంటపెట్టుకుని ఇంటికి వచ్చి అడిగాడు. మరునాడు అవ్వ నన్ను పిలిచి, "నాకు నీళ్ళెవురు పోస్తారు?" అంది. నేను పోస్తానన్నాను. "నీ చెయ్యి మొరటు" అంది. ఈరోజు మొదటిసారి పోశాను. వేడి ఎక్కువైందని తిట్టింది. ఇకమీదట మధ్యాహ్నం దాకే షెడ్డుకు వెళ్తాను.

మీ నాయన మొదట, "ఊళ్ళో నలుగురికీ నేనేం సెప్పుకోవాల?" అన్నాడు. తర్వాత మోహన పెట్టెకు గొళ్ళెం ఊడిపోయి ఉంటే కొత్తది తెచ్చి బిగించాడు.

మోహన నిన్న, గురువారం, పొద్దున ఏడు గంటల బస్సుకు దామోదరంతో, వాళ్ళ అమ్మతో కలిసి తడ వెళ్ళింది.

ఇట్లు,
నీ అమ్మ
ప్రసన్నకుమారి