సగం విశ్వాసి

అక్కకి,

నీ చెల్లి నీ మీద ప్రేమతోనూ, నీ మరిది మీద కోపంతోనూ రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా మనసొక్కటే బాగాలేదు. నీ మరిది లిఫ్టు మెకానిక్కని నేనెప్పుడూ చిన్నతనం పడలేదు. ఆ పనే మాకు అన్నం పెడుతోంది. కానీ మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్లని రొట్టె, ద్రాక్షరసం ఇస్తారా, సరిగ్గా పాస్టరుగారు రొట్టె చేతిలోకి తీసుకునే వేళకే ఈయన జేబులో ఫోను మోగుతుంది. ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కుని ఉంటారు. ఈయన చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా జారుకుంటారు. ఆడవాళ్ల వరసలో ఆయనకి 'సగం విశ్వాసి' అని పేరు పెట్టేశారు. పోయిన నెల పాస్టరమ్మగారు కూడా, "మీ ఆయనకి దేవుడికన్నా లిఫ్టులే ముఖ్యమేమోనమ్మా" అన్నారు. నవ్వేసి ఇంటికొచ్చి, గిన్నెలు తోముతూ ఏడ్చాను. ఆయన్ని అడిగితే, "లోపలున్నవాళ్లకి ఊపిరాడొద్దూ?" అంటారు. మరి నా పక్కన నిలబడి బల్ల తీసుకునేదెప్పుడు? అందుకే ఈ ఆదివారం ఆయన ఫోను ఆపేసి నా సంచిలో దాచేస్తున్నాను. ఒక్కపూటకి కొంపలేం మునిగిపోవు. బావకి మాత్రం చెప్పకు, ఆయన నోట ఏ మాటా ఆగదు.

నీ చెల్లి

---

అక్కా,

ఈసారి కోపం లేదు. సిగ్గుతో రాస్తున్నాను.

పోయిన ఆదివారం, "ఫోను నా దగ్గర ఉంచుతా లెండి" అంటే, "మోగితే సైగ చెయ్యి" అని నమ్మి ఇచ్చేశారు. నేను ఆపేశాను. పాటలయ్యాయి, వాక్యం అయింది, ఆయన కదల్లేదు. నా ఆనందం ఏం చెప్పను. పాస్టరుగారు రొట్టె ఎత్తారు. అప్పుడే వాచ్‌మన్ మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ వచ్చాడు. మా చర్చి అయిదో అంతస్తులో కదా, ఆలస్యంగా వచ్చిన, ఆయాసం జబ్బున్న ఒక మామ్మ మా లిఫ్టులోనే ఇరుక్కుపోయింది. "ఎన్నిసార్లు చేశాను సార్, మీ ఫోను పలకదేం?" అన్నాడు. ఆయన నా వైపు చూశారు. నా ప్రాణం పోయినంత పనయింది.

పైన మోటారు గదికి పరుగెత్తి, చక్రం చేత్తో తిప్పుతూ లిఫ్టుని మెల్లగా మా అంతస్తుకి తెచ్చారు. తలుపు తీస్తే మామ్మ చెమటతో తడిసిపోయి ఉంది. ఆయన చేతులు పట్టుకుని, "నువ్వు పైనే ఉన్నావు కదా నాయనా, అందుకే ధైర్యంగా కూర్చున్నా" అంది. ఇక తట్టుకోలేకపోయాను. "ఫోను ఆపింది నేనే" అని అందరి ముందూ చెప్పేశాను.

పాస్టరుగారు రొట్టె పళ్లెం లిఫ్టు దగ్గరికే తెచ్చారు. ఈయన చేతులు వెనక్కి పెట్టుకుని, "గ్రీజు అయ్యగారూ, కడుక్కొస్తాను" అన్నారు. "ఎందుకూ, నువ్వు పెట్టమ్మా" అని పాస్టరుగారు రొట్టె నా చేతికిచ్చారు. మామ్మ పక్కనే నిలబడి ఈయన నోట్లో పెట్టాను.

ఇంటికొచ్చాక తిడతారనుకున్నా. "ఆదివారం పూట ఫోను నీ దగ్గరే ఉండనీ. మోగితే చెప్పు" అన్నారు, అంతే. ఇంకా నన్ను నమ్ముతున్నారక్కా.

నిన్న చర్చిలో ప్రార్థన మధ్యలో మోగింది. మగవాళ్ల వరస దాకా వెళ్లి నేనే భుజం తట్టాను. అందరూ కళ్లు తెరిచి చూశారు. ఆయన చెప్పులు నేనే అందించి వచ్చాను.

ఇట్లు,
సగం విశ్వాసి భార్య