గుమ్మం బయటి చదువు

అక్కా,

ఫోన్ చేస్తే నా గొంతును బట్టి నువ్వు అంతా కనిపెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నిఘంటువు ఆఫీసులో ఒకే మాట దగ్గర కూరుకుపోయాను. 'ప్రొపెడ్యూటిక్'. ఏదైనా శాస్త్రంలోకి అడుగుపెట్టే ముందు నేర్చుకోవలసిన చదువని అర్థం. పుట్టింది గ్రీకులో. 'ప్రో' అంటే ముందు. తక్కినది పిల్లలకు విద్య నేర్పడం. దాని వేరు తవ్వుకుంటూ పోతే 'బిడ్డ' అనే మాట తగులుతుంది. తత్వవిచారానికి ముందు లెక్కలు, రేఖాగణితం రావాలని అక్కడి పెద్దలు అన్నారట. ఎన్నో శతాబ్దాల తర్వాత జర్మన్ పండితులు ఆ మాటను పట్టుకుని తర్కశాస్త్రానికి తగిలించారు. మందు రాసే ముందు రోగిని చూడటం, తట్టి వినడం నేర్పే పాఠానికి కొన్ని దేశాల్లో ఇప్పటికీ అదే పేరు.

పక్క బల్ల ఆయన, "ఓనమాలు అని రాసి చేతులు దులుపుకోండి మేడమ్" అన్నాడు. మా సంపాదకుడు ఒప్పుకోలేదు. "ఓనమాలు దిద్దేవాడు చదువులోకి వచ్చేసినట్టేనమ్మా. ఇది గుమ్మం బయట నిలబడి నేర్చుకునేది" అన్నారు.

ఆ మాట నా గురించే అన్నట్టు అనిపించింది. వచ్చే నెల మా ఇంటికి పాప రావాలి కదా. పెంచుకునేవాళ్లకు అనాథ పిల్లల హోమ్‌లో పెట్టిన తరగతులన్నింటికీ వెళ్లాను. ఏడేళ్ల పిల్ల ఏం తింటుందో, దేనికి అలుగుతుందో చదివాను. ఎంత చదివినా గుమ్మం బయటే ఉన్నాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ పిల్లను అందరూ సిసింద్రీ అంటారు. మొదటిసారి చూసినప్పుడు ఉలుకూ పలుకూ లేదు, ఇదేం సిసింద్రీ అనుకున్నాను. వార్డెన్ గారు పక్కకు పిలిచి, ఒకప్పుడు ఆ పేరుకు తగ్గట్టే గంతులేసేదనీ, ఒక జంట తీసుకెళ్లి కొన్నాళ్లకు తమవల్ల కాదని వెనక్కి తెచ్చి దింపారనీ చెప్పారు. పోయినసారి వెళ్లినప్పుడు ఆ పిల్ల నన్ను ఒకటే అడిగింది: "మీరు ఎన్నాళ్లు ఉంచుకుంటారు?"

నేనూ చేతకాక వెనక్కి పంపితే? అంతకంటే ఇప్పుడే వద్దనడం నయం. వార్డెన్ గారికి చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. నీ మరిదికి ఇంకా చెప్పలేదు. ఆయన పాప గదికి రంగు వేస్తున్నారు.

నీ
చెల్లి

అక్కా,

నీ జవాబు అందింది. "ఈత వచ్చాకే నీళ్లలోకి దిగుతానంటే ఎలాగే" అన్నావు. కోపం వచ్చింది. ఇక్కడ మునిగేది నేను కాదు, ఆ పిల్ల.

నీ మరిదికి చెప్పాను. నిచ్చెన దిగి, కుంచె డబ్బాలో పెట్టి, "నాకు మాత్రం భయం లేదనుకున్నావా?" అన్నారు. అంతే, మళ్లీ నిచ్చెన ఎక్కారు. తిట్టినా బాగుండేది. సోమవారం వార్డెన్ గారికి ఫోన్ చేస్తాను.

చెల్లి

అక్కా,

నేను ఫోన్ చేసేలోపే వార్డెన్ గారే చేశారు. "పైపు పగిలి పిల్లలు పడుకునే హాలంతా నీళ్లమ్మా. మీ కాగితాలు పూర్తయ్యాయి కాబట్టి పాపను ఇవాళే తీసుకెళ్తారా? లేదంటే వేరే హోమ్‌కు పంపాలి."

వద్దని చెప్పడానికి అనుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. "మళ్లీ ఇంకో చోటికా?" అన్నాను. అంతే, సంచీ తగిలించుకుని బయల్దేరాను.

ఆ సాయంత్రమంతా పాప కుర్చీ అంచున కూర్చుంది, చుట్టానికి కూడా అంత బిడియం ఉండదు. పెట్టింది తింది. చెప్పినచోట పడుకుంది. పొద్దున తల దువ్వబోయాను. జుట్టంతా చిక్కు. పైనుంచి దువ్వెన లాగాను. పాప పళ్లు బిగపట్టింది కానీ కిక్కురుమనలేదు. అద్దంలో ఆ ముఖం చూసి నా చెయ్యి ఆగిపోయింది.

"నాకు చిక్కు తియ్యడం రాదమ్మా. ఎలా తియ్యాలో చెప్పవూ?" అన్నాను.

జుట్టు కొసలు చూపించింది. "కింద నుంచి తియ్యాలి. పైన చేత్తో పట్టుకుంటే నొప్పి పుట్టదు" అంది. అద్దంలోకి చూస్తూ, "ఇంతకుముందు నన్ను తీసుకెళ్లిన ఆంటీకి అన్నీ వచ్చు. నాకే ఏమీ రాదనేది" అంది.

కుదుళ్ల దగ్గర పట్టుకుని, కొసల నుంచి మెల్లగా తీశాను. ఆఫీసుకు ఆలస్యమైంది. వెళ్లగానే ఆ గ్రీకు మాటకు 'పూర్వవిద్య' అని రాసి సంపాదకుడికి ఇచ్చాను. తల ఊపారు. ఇంకా మంచి మాట దొరికితే దిద్దుకుంటారు.

నిన్న వార్డెన్ గారు ఫోన్ చేశారు. హాలు ఆరిందట, అనుకున్న తేదీ దాకా పాపను తెచ్చి దింపినా పర్లేదన్నారు. "ఇక్కడే ఉంటుందండీ. ఇది తన ఇల్లు" అన్నాను. నీ మరిది పక్క గదిలోంచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. భయం పోయిందని అనుకోకు, ఇద్దరికీ పోలేదు.

ఇప్పుడు పాప నా మోచేతి దగ్గర నిలబడి, ఈ ఉత్తరం ఎవరికని అడుగుతోంది.

"మీ పెద్దమ్మకి" అన్నాను.

"నాకు పెద్దమ్మ ఉందా?" అంది.

ఉందన్నాను. నమ్మినట్టు లేదు. నువ్వు ఒకసారి వచ్చి కనపడు.

నీ
చెల్లి